కార్పొరేషన్ బడి సమస్య ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి: విశాఖ తల్లిదండ్రుల కోసం

విశాఖలో కార్పొరేషన్ బడి ఎవరి చేతిలో ఉందని అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. గేటు మీద జీవీఎంసీ (గ్రేటర్ విశాఖపట్నం మున్సిపల్ కార్పొరేషన్) అని ఉంటుంది. లోపల పాఠం చెప్పే టీచరు పాఠశాల విద్యాశాఖకు జవాబు చెప్పాలి. మధ్యాహ్న భోజనం పథకం కింద వస్తుంది. కుళాయి నీళ్లు, గేటు బయట కాలువ కార్పొరేషన్‌వి. పిల్లలు మనవాళ్లు. ఇన్ని చేతుల మధ్య ఉన్న బడిలో చిన్న పని జరగాలన్నా ఎవర్ని పట్టుకోవాలో తెలిసి ఉండాలి.

నేను ఈ బడుల్లోనే టీచరుగా, చివరి ఏళ్లలో హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు అక్కయ్యపాలెంలో ఉంటున్నాను. చుట్టుపక్కల బడుల పేరెంట్స్ కమిటీల తల్లులు సాయంత్రాలు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. మేయర్ చేతికి బడులు అప్పగిస్తే బాగుపడతాయా అన్న చర్చ కూడా వాళ్ల మధ్య తరచుగా వస్తుంది. దాని గురించి నాకున్న అభిప్రాయం చివర్లో చెబుతాను. ముందు పని జరిగే దారి చూద్దాం.

సమస్యను విడగొట్టండి

2022 జూన్‌లో వచ్చిన జీవో 84తో మున్సిపల్ బడుల పర్యవేక్షణ పాఠశాల విద్యాశాఖకు వెళ్లింది. స్థలం, భవనం మాత్రం మున్సిపాలిటీలకే ఉన్నాయి. అంతకుముందు టీచరు సెలవైనా, గోడ కూలినా కమిషనర్ ఆఫీసు వైపే చూసేవాళ్లం. ఇప్పుడు గోడకు ఒక దారి, టీచరుకు ఒక దారి. అప్పట్లో మున్సిపల్ టీచర్ల సంఘాలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ శిక్షణలైనా, నియామకాలైనా మిగతా ప్రభుత్వ టీచర్లతో పాటే జరగడం పిల్లలకు మంచిదేనని నా నమ్మకం. చిక్కంతా తల్లిదండ్రులకే వచ్చింది. ఏ కాగితం ఎక్కడివ్వాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఇలా గుర్తు పెట్టుకోండి. టీచర్ల ఖాళీలు, హాజరు, పుస్తకాలు, పరీక్షలు, పిల్లల చేరికల్లాంటివన్నీ ముందు మండల విద్యాధికారికి, అక్కడ తేలకపోతే జిల్లా విద్యాధికారికి. భవనం, ప్రహరీ, నీళ్లు, మరుగుదొడ్లు, కాలువ, చెత్త, బడి ముందు వీధిలైటు మాత్రం వార్డు సచివాలయానికి, అక్కడి నుంచి జీవీఎంసీ జోనల్ ఆఫీసుకి. సచివాలయంలో అమెనిటీస్ (సౌకర్యాలు చూసే) సెక్రటరీ, శానిటేషన్ సెక్రటరీ, విద్య చూసే సెక్రటరీ వేర్వేరుగా ఉంటారు. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు కమిటీ పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. బదిలీ అయిన రోజే కొత్తవాళ్ల నంబరు తీసుకోండి.

ఇది చెప్పినంత తేలిక కాదు. ఒక్క ఉదాహరణ చూడండి. తల్లులు ఎక్కువగా తెచ్చే ఫిర్యాదు మరుగుదొడ్లు. "ఆడపిల్లల బాత్రూములు బాగోలేవు మేడమ్, మా పాప ఇంటికొచ్చేదాకా ఉగ్గబట్టుకుంటోంది" అంటారు. దాహమేసినా నీళ్లు తాగకుండా సాయంత్రం దాకా కూర్చునే పిల్లల్ని నేను ఏళ్ల తరబడి చూశాను. మూడో పీరియడ్‌కే తలనొప్పి అంటూ బల్ల మీద తల వాల్చేస్తారు. చదువు సంగతి తర్వాత, ముందు ఇది ఆరోగ్యం. అందుకే ఈ విషయంలో ఎవరు నిర్లక్ష్యం చేసినా నాకు కోపం ఆగదు.

అయితే "మరుగుదొడ్లు బాగోలేవు" అని రాసిస్తే ఆ కాగితం నాలుగు టేబుళ్లు తిరిగి మళ్లీ మన దగ్గరికే వస్తుంది. అందుకని ముందు ఇద్దరు తల్లులు, హెడ్‌మాస్టరుగారు కలిసి లోపలికి వెళ్లి చూడండి. కుళాయి తిప్పండి. నీళ్లు రాకపోతే మేడెక్కి ట్యాంకు మూత తీయండి. ట్యాంకు ఖాళీగా ఉంటే కింద సంపులో నీళ్లున్నాయో లేదో చూడండి. సంపులో ఉండి ట్యాంకులో లేకపోతే మోటారో, స్టార్టరో పోయినట్టు. అది ఇంజినీరింగ్ వాళ్ల పని. సంపు కూడా ఎండిపోయి ఉంటే కార్పొరేషన్ నీళ్ల కనెక్షన్ సంగతి, నీటి సరఫరా విభాగం చూడాలి. నీళ్లు బాగానే వస్తూ కంపు కొడుతుంటే సెప్టిక్ ట్యాంకు నిండి ఉండొచ్చు, అది ప్రజారోగ్య విభాగం. శుభ్రం చేసే ఆయా రాకపోతే బడి నిర్వహణ డబ్బు సంగతి, హెడ్‌మాస్టరు ద్వారా విద్యాశాఖకు వెళ్లాలి. ఇక తలుపుకి గడియ లేదనుకోండి, దానికి ఎవరి దగ్గరికీ వెళ్లనక్కర్లేదు. బడి చేతిలో ఉండే చిన్న ఖర్చుల డబ్బుతో ఆ వారంలోనే బిగించేయొచ్చు. గడియ లేని తలుపు వల్లే బాత్రూముకి వెళ్లని పిల్లలు ఎంతోమంది ఉంటారు. దాంతోనే మొదలుపెట్టండి.

నిర్వహణ డబ్బు విషయంలో మీకు అడిగే హక్కు కూడా ఉంది. 2025లో తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు ప్రకటించిన 15,000 రూపాయల్లో 2,000 మినహాయించి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. మినహాయించింది బడి, మరుగుదొడ్ల నిర్వహణకేనని ప్రభుత్వమే చెప్పింది. ఆ లెక్క కమిటీ సమావేశంలో అడగండి. గొడవ పడక్కర్లేదు, అజెండాలో ఒక అంశంగా పెట్టమనండి.

కమిటీ తీర్మానమే మీ బలం

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే కావాలి. సగం మంది మహిళలు కావాలి. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. పదవీకాలం రెండేళ్లు. హెడ్‌మాస్టరు కన్వీనర్, చైర్‌పర్సన్ మాత్రం తల్లిదండ్రుల్లోంచే. ఆ వార్డు కార్పొరేటర్, అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్ఎం హోదా రీత్యా సభ్యులు.

కార్పొరేటర్ మీ కమిటీ సభ్యుడని చాలామందికి తెలియదు. కొంతమంది కార్పొరేటర్లకూ తెలియదు. అందుకే ప్రతి సమావేశానికీ వాళ్లకు రాతపూర్వకంగా పిలుపు పంపండి. రాకపోతే "ఆహ్వానించాం, హాజరు కాలేదు" అని మినిట్స్ పుస్తకంలో రాయండి. రెండు మూడు సార్లు అలా నమోదయ్యాక, ఆ పేజీ ఫోటో తీసి మర్యాదగా వాట్సాప్‌లో పంపితే మూడో వంతు మందైనా కదులుతారు.

తీర్మానం రాసేటప్పుడు "తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన" అని రాయకండి. తగు చర్య ఏమిటో మీరే చెప్పండి. నేను తల్లులతో ఇలా రాయిస్తాను. అంకెలు నమూనా కోసం వేసినవి, మీవి మీరు వేసుకోండి:

"మా బడిలో 64 మంది బాలికలు ఉన్నారు. 3 మరుగుదొడ్లలో 1 మాత్రమే వాడకంలో ఉంది. సంపులో నీళ్లున్నాయి, ట్యాంకుకి ఎక్కించే మోటారు జూలై 3 నుంచి పనిచేయడం లేదు. వార్డు సచివాలయంలో జూలై 5న తెలియజేశాం. మోటారు రిపేరు చేయించాలని, కుదరకపోతే కొత్తది బిగించాలని, అందాకా రోజూ ఉదయం 9 గంటల లోపు ట్యాంకరు నీళ్లు పంపాలని జోనల్ కమిషనర్‌గారిని కోరుతూ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది."

ఇంతే. కింద తల్లుల సంతకాలు, వేలిముద్రలు. పైన బడి పేరు, వార్డు నంబరు, 11 అంకెల యూడైస్ కోడ్ (బడి గుర్తింపు సంఖ్య). వెనక రెండు ఫోటోలు. "అందాకా" అన్న ముక్క మాత్రం వదలకండి. రిపేరుకి ఎస్టిమేట్, మంజూరు, టెండరు అంటూ నెలలు పట్టొచ్చు. ఈలోగా పిల్లలకు ఏం చేస్తారో ఇప్పుడే అడగకపోతే తర్వాత ఎవరూ చెప్పరు.

మూడు కాపీలు తీయండి. ఒకటి ఆఫీసుకి, ఒకటి కార్పొరేటర్‌కి, ఒకటి మీకు. మీ కాపీ మీద ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకోకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలకండి. "పెట్టేసి వెళ్లండమ్మా, సార్ చూస్తారు" అంటారు. "ముద్ర వేసివ్వండి సార్, కమిటీకి చూపించాలి" అనండి. చాలా చోట్ల వేస్తారు.

సోమవారం ఎక్కడికి వెళ్లాలి

కింది స్థాయిలో కదలిక లేకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. జీవీఎంసీ ప్రధాన కార్యాలయంలోనూ, కలెక్టరేట్‌లోనూ జరుగుతుంది. భవనం, నీళ్ల సమస్య అయితే ఆశీల్‌మెట్ట దగ్గర తెన్నేటి భవనానికి వెళ్లండి. టీచర్ల సమస్య అయితే కలెక్టరేట్‌కి. ఈ రెండూ ఒకే కాగితంలో కలిపి రాస్తే ఇద్దరూ పక్కవాళ్లదంటారు. "మాదేటి కాదమ్మా, విద్యాశాఖోలు చూసుకోవాలి" అన్న మాట మా కమిటీ తల్లులు ఎన్ని కౌంటర్ల దగ్గర విన్నారో లెక్క లేదు.

టీచరు కొరత విషయంలో ఒక మాట. పోస్టు ఖాళీగా ఉందని మాత్రమే రాస్తే తర్వాతి డీఎస్సీ వరకు ఆగమంటారు. చట్టం ప్రకారం ప్రైమరీలో 30 మందికి ఒక టీచరు ఉండాలన్న లెక్క చూపించి, దగ్గరలో టీచర్లు ఎక్కువగా ఉన్న బడి నుంచి వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద, అంటే తాత్కాలిక సర్దుబాటుగా, ఒకరిని పంపమని అడగండి. అది జిల్లా స్థాయిలో చేయగలిగిన పని. అధికారులకు ఇచ్చేందుకు వీలున్న జవాబు ఉంటే ఇస్తారు.

అర్జీ నంబరు దాచుకోండి. కొన్నిసార్లు పని జరగకుండానే "పరిష్కరించబడింది" అని ఫోనుకి మెసేజ్ వస్తుంది. వచ్చిన రోజే బడికెళ్లి ఫోటో తీసి, అర్జీ మళ్లీ తెరవమని రాసివ్వండి. ఆలస్యమైతే మీరు ఒప్పుకున్నట్టు లెక్క.

ఇంకా పై మెట్టు విద్యాహక్కు చట్టంలోని 32వ సెక్షన్. పిల్లల హక్కుకు సంబంధించిన ఫిర్యాదు స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఇస్తే, మూడు నెలల్లో తేల్చాలి. నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. స్థానిక సంస్థ అనే మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో మున్సిపల్ కార్పొరేషన్ పేరు ఉంది. "బడులు మా చేతిలో లేవు" అని కార్పొరేషన్ పూర్తిగా తప్పుకోవడానికి వీల్లేదు. దరఖాస్తు పైన "విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 32 కింద ఫిర్యాదు" అని స్పష్టంగా రాయండి. అయితే ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే, అంటే ఎనిమిదో తరగతి దాకానే.

డబ్బు మంజూరైందని చెప్పి పని మొదలవకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయలు, 30 రోజులు. ఎస్టిమేట్ కాపీ, మంజూరు ఉత్తర్వు, కాంట్రాక్టరుతో ఒప్పందం తేదీ, ఈ మూడూ అడగండి. ఎందుకు చేయలేదని అడగకండి, దానికి జవాబివ్వరు.

మేయర్, కార్పొరేటర్లతో ఎలా మాట్లాడాలి

మన కార్పొరేషన్‌లో 98 వార్డులు. కార్పొరేటర్లు మేయర్‌ని ఎన్నుకుంటారు. మేయర్ కౌన్సిల్‌కి, స్టాండింగ్ కమిటీకి అధ్యక్షత వహిస్తారు. ఉత్తర్వు మీద సంతకం పెట్టి పని చేయించే అధికారం మాత్రం కమిషనర్‌ది, ఆయన్ని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. కాబట్టి మేయర్‌గారికి దండ వేసి వినతిపత్రం ఇవ్వడం కన్నా, మీ బడి ప్రహరీ కౌన్సిల్ అజెండాలో ఎక్కేలా మీ కార్పొరేటర్‌తో ప్రతిపాదన పెట్టించడం మేలు. బడ్జెట్ ముందు, జనవరి నెలలోనే మొదలుపెట్టండి. మార్చిలో అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు.

కౌన్సిల్ ఎప్పుడూ ఉంటుందని కూడా అనుకోకండి. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో ముగిశాక, 2021 మార్చి దాకా విశాఖకు ఎన్నికైన కౌన్సిలే లేదు. ఐదేళ్ల గడువు తీరకముందే ఎన్నిక జరపాలని రాజ్యాంగం చెబుతున్నా స్పెషల్ ఆఫీసర్ల పాలనే నడిచింది. ఆ కాలంలో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు హైస్కూలుకి వెళ్లిపోయారు, వాళ్ల బడి గురించి కౌన్సిల్‌లో ఒక్క ప్రశ్న అడిగే మనిషి లేడు. ఇది నన్ను ఇప్పటికీ బాధించే విషయం. 2021లో వచ్చిన కౌన్సిల్‌లోనూ 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసంతో మేయర్ మారారు. కుర్చీలు మారినప్పుడు పాత హామీలు గాలికి పోతాయి. మినిట్స్ పుస్తకంలో ఉన్న తీర్మానం పోదు.

ఒక పార్టీ జెండా కింద మాత్రం వెళ్లకండి. కమిటీలో అన్ని పార్టీల ఇళ్ల వాళ్లూ ఉంటారు. వినతిపత్రం ఇచ్చేటప్పుడు ఆ వార్డులో ఓడిపోయిన అభ్యర్థికి కూడా ఒక కాపీ ఇవ్వండి. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజు నాయకులు వస్తారు, ఫోటోలు తీస్తారు. ఆ రోజు అర్జీ చేతిలో పెడితే సంచిలోకి వెళ్తుంది. ఆ రోజును మిగతా తల్లుల ఫోన్ నంబర్లు తీసుకోవడానికి వాడుకోండి.

బడులు మేయర్‌కే అప్పగిస్తే?

మా అమ్మాయి న్యూయార్క్‌లో క్వీన్స్‌లో ఉంటుంది. మనవరాలు అక్కడ ప్రభుత్వ బడిలోనే చదువుతోంది. నేను వెళ్లినప్పుడు వాళ్ల ప్రాంతపు కమ్యూనిటీ ఎడ్యుకేషన్ కౌన్సిల్ సమావేశానికి తీసుకెళ్లింది. తల్లిదండ్రులు వరుసగా మైకు దగ్గరికి వచ్చి మాట్లాడారు. బాగుంది. కానీ ఆ కౌన్సిల్ చాలా విషయాల్లో సలహా మాత్రమే ఇవ్వగలదు. 2002లో రాష్ట్ర చట్టం మార్చి, అప్పటిదాకా ఉన్న 32 స్థానిక స్కూల్ బోర్డులను తీసేసి, బడులను మేయర్ బ్లూమ్‌బర్గ్ చేతికిచ్చారు. బడులన్నిటినీ నడిపే అధికారిని, అంటే చాన్సలర్‌ని, మేయరే నియమిస్తారు. విధానాల మీద ఓటేసే ప్యానెల్‌లో ఎక్కువమంది మేయర్ మనుషులే. 2004లో మూడో తరగతి పిల్లల్ని పరీక్ష ఆధారంగా అదే తరగతిలో ఆపేసే విధానం ఓటింగుకి వచ్చింది. వ్యతిరేకించబోతున్న ప్యానెల్ సభ్యుల్లో తను నియమించిన ఇద్దరిని మేయర్ అదే రోజు తొలగించి, దాన్ని నెగ్గించుకున్నారు. అయితే ఆ అధికారం శాశ్వతం కాదు. గడువు తీరినప్పుడల్లా రాష్ట్ర శాసనసభ పొడిగించాలి. 2009లో పొడిగింపు సమయానికి జరగక కొన్ని వారాలు ఆ అధికారం లేకుండా పోయింది కూడా.

షికాగోలో 1995లో మేయర్ డేలీకి బడులు అప్పగించారు. 2013లో మేయర్ నియమించిన బోర్డు ఒకేసారి దాదాపు 50 బడులను మూసేసింది. దెబ్బ తిన్నది ఎక్కువగా నల్లజాతి పిల్లలు. ఆ కోపం చల్లారలేదు. 2021లో చట్టం మార్చారు, 2024 నవంబరులో మొదటిసారి బోర్డులో కొన్ని స్థానాలకు ప్రజలు ఓటేశారు. 2027 నుంచి 21 మందీ ఎన్నికైనవాళ్లే ఉంటారు.

ఇది చూశాక నాకు అనిపించేది ఇదీ. ఒక్కరి చేతిలో ఉంటే తప్పు ఎవరిదో తెలుస్తుంది, అది పెద్ద మేలు. మనకిక్కడ అదే లేదు. కానీ ఆ ఒక్కరిని ఆపగలిగే తల్లిదండ్రుల బోర్డు లేకపోతే బడి మూసేసినా అడిగే దిక్కుండదు. మన రాజ్యాంగంలోనూ ఒక తేడా ఉంది. పంచాయతీల కోసం పెట్టిన 11వ షెడ్యూల్లో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలు అని స్పష్టంగా ఉంది. నగరాల కోసం పెట్టిన 12వ షెడ్యూల్లో 18 అంశాలున్నా, సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం అన్నారే తప్ప బడి పేరు లేదు. నగరం బడికి బాధ్యత వహించాలని నేను కోరుకుంటాను, కానీ నిధులతో పాటు, కమిటీల అధికారం తగ్గించకుండా.

అందుకని కార్పొరేషన్ ఎన్నికలప్పుడు ఇంటికొచ్చే ప్రతి అభ్యర్థినీ కమిటీ తరఫున ఈ నాలుగూ అడగండి, జవాబులు ఫోన్‌లో రికార్డు చేస్తామని ముందే చెప్పండి. మన వార్డు బడి పేరు, అందులో ఎంతమంది పిల్లలున్నారో తెలుసా? గెలిస్తే కమిటీ సమావేశాలకు వస్తారా? జీవీఎంసీ బడ్జెట్‌లో బడి భవనాలకు విడిగా పద్దు పెట్టమని కౌన్సిల్‌లో అడుగుతారా? బడిని మూసేయాలన్నా, వేరే బడిలో కలపాలన్నా ముందు తల్లిదండ్రుల కమిటీ తీర్మానం ఉండాలని ఒప్పుకుంటారా?

కమిటీ గడువు అయిపోయేటప్పుడు ఫైలు ఇంట్లో పెట్టుకోకండి. మినిట్స్ పుస్తకం, ముద్రలు పడ్డ కాపీలు, అర్జీ నంబర్లు, అభ్యర్థుల రికార్డింగులు అన్నీ కొత్త చైర్‌పర్సన్‌కి సంతకం తీసుకుని అప్పగించండి. తేలని పనుల జాబితా పైన ఒక కాగితంగా పెట్టండి, ఒక్కోదాని పక్కన చివరిసారి ఎవరిని కలిశారో, ఏ తేదీన కలిశారో రాసి.